జెనోవా, ఆ పక్క సముద్రపు పల్లెలు: స్నేహితులతో వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మిలాన్‌లో చదువుకునే రోజుల్లో ఒక శనివారం పొద్దున రైలెక్కి మొదటిసారి జెనోవా వెళ్లాను. తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. వాటిలో రెండుసార్లు ఇంజనీరింగ్ నాటి స్నేహితులు హైదరాబాద్ నుంచి వస్తే వాళ్లతో కలిసి వెళ్లాను. అప్పటి నుంచి ఎవరు ఇటలీ బయల్దేరినా నాకు ఫోన్ చేస్తారు. అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

ఇటలీ అంటే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ కదా. జెనోవా ఎందుకు?

జీవితంలో ఒక్కసారే వెళ్తాం అనుకునేవాళ్లు రోమ్ చూడాల్సిందే, అందులో వాదన లేదు. కానీ నలుగురు స్నేహితులు వారం రోజులు కలిసి గడపాలి, కొంత నగరం కావాలి, కొంత సముద్రం కావాలి, పొద్దస్తమానం క్యూలో నిలబడే ఓపిక లేదు అంటే నేను జెనోవా పేరే చెబుతాను. ఇది పెద్ద రేవుపట్నం. చూడవచ్చే జనం కోసం ముస్తాబై కూర్చున్న ఊరు కాదు, తన పని తాను చేసుకుపోయే ఊరు. కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుపోవడంతో అడ్డంగా పెరగడానికి చోటు లేక నిలువునా పెరిగింది. ఆరేడు అంతస్తుల పాత ఇళ్లు, వాటి మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. ఆ సందుల్ని అక్కడ కరూజ్జి అంటారు. ఐరోపాలో మిగిలిన పెద్ద మధ్యయుగపు పాతబస్తీల్లో ఇదొకటి. అక్కడి నుంచి రైల్లో అరగంట వెళ్తే చేపలు పట్టే పల్లెలు మొదలవుతాయి. సామాను మోసుకుంటూ ఊళ్లు మారే బాధ లేకుండా ఈ రెండూ దొరికే చోటు ఇటలీలో నాకు ఇంకొకటి తెలియదు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఏడు రాత్రులు ఉంటే మూడు జెనోవాలో, నాలుగు ఒకే ఒక్క పల్లెలో ఉండండి. ఒక్క పల్లె అని నొక్కి చెబుతున్నాను. రోజుకో ఊరు మార్చే ప్రణాళిక కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో పెట్టెలు సర్దడం, మెట్లెక్కడం, తాళంచెవి ఇచ్చేవాళ్ల కోసం ఎదురుచూడడం దగ్గరే సగం రోజు గడిచిపోతుంది. పైగా ఈ పల్లెల్లో ప్రశాంతత పగలు ఉండదు. సాయంత్రం ఆరు దాటాక పడవలూ రైళ్లూ పగటి జనాన్ని తీసుకెళ్లిపోతాయి. అప్పుడు అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు చర్చి ముందు బంతి ఆడతారు. ఆ రెండు గంటల కోసమే అక్కడ రాత్రి ఉండాలి. పగలు వచ్చి పగలే వెళ్లిపోయినవాళ్లు ఆ ఊరిని చూడనట్టే.

ఏ నెలలు మంచివి?

మే మధ్య నుంచి జూన్ చివరి దాకా, మళ్లీ సెప్టెంబరు. నీళ్లలో దిగాలంటే సెప్టెంబరే మేలు, వేసవంతా కాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగానే ఉంటుంది. ఆగస్టు మాత్రం వద్దు. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద సెలవు పండగ, దాని చుట్టూ రెండు వారాలు ఇటలీ మొత్తం సముద్రం ఒడ్డునే ఉంటుంది. అక్టోబరు చివర, నవంబరుల్లో వానలు గట్టిగా పడతాయి. 2011 అక్టోబరు 25న కురిసిన వానకు ఈ తీరంలోని వెర్నాత్సా, మొంతెరోస్సో ఊళ్లు బురదలో కూరుకుపోయాయి. ఆ కాలంలో వెళ్తే వాతావరణ హెచ్చరికలను తేలిగ్గా తీసుకోకండి.

వీసాకు అందరం కలిసి దరఖాస్తు చేయొచ్చా?

అపాయింట్‌మెంట్ ఒకే రోజు దొరికితే కలిసి వెళ్లొచ్చు కానీ దరఖాస్తు ఎవరిది వాళ్లదే. బ్యాంకు స్టేట్‌మెంటు, సెలవు మంజూరు పత్రం, ఇన్సూరెన్స్ అన్నీ విడివిడిగా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పెద్దవాళ్లకు షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు.

బృందాలు పొరపాటు పడే చోటు ఒకటుంది. గది ఒకరి కార్డు మీద బుక్ చేస్తారు, రసీదులో ఆ ఒక్కరి పేరే వస్తుంది. బుకింగ్‌లో నలుగురి పేర్లూ ఉండేలా ముందే రాయించుకోండి. అక్కడ దిగాక ఇంటివాళ్లు అందరి పాస్‌పోర్టులూ అడిగి నమోదు చేసుకుంటారు. అది అక్కడి చట్టం, కంగారు పడనక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి ఎలా చేరుకోవాలి?

గల్ఫ్ మీదుగా మిలాన్ మల్పెన్సా విమానాశ్రయానికి రావడం సుళువు. అక్కడి నుంచి రైల్లో మిలాన్ సెంట్రల్, అక్కడి నుంచి గంటన్నర, రెండు గంటల్లో జెనోవా. జెనోవాలో రెండు పెద్ద స్టేషన్లున్నాయి, పియాత్సా ప్రిన్చిపె, బ్రిన్యోలె. బస ఏ స్టేషన్‌కు దగ్గరో ముందే చూసుకోండి. పాతరేవు వైపు అయితే ప్రిన్చిపె.

పాతబస్తీలో బస చేయొచ్చా? సందులు భద్రమేనా?

చేయొచ్చు, చేయాలి కూడా. అయితే రెండు సంగతులు. ఒకటి, పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు. నాలుగో అంతస్తు అంటే నిజంగా నాలుగు అంతస్తుల ఎత్తైన రాతిమెట్లు. బుక్ చేసేముందు అడగండి. రెండు, పగలు ఏ సందులో నడిచినా ఫర్వాలేదు కానీ రాత్రి పొద్దుపోయాక రేవు వెనక కొన్ని గొందులు నిర్మానుష్యంగా ఉంటాయి, మద్యం తాగినవాళ్లు తిరుగుతుంటారు. సాన్ లొరెంజో వీధి, గరిబాల్ది వీధి లాంటి వెలుతురున్న దారుల మీదుగా నడవండి. ఫోన్లో మ్యాప్ ఇక్కడ తరచూ తప్పుతుంది, ఎత్తైన గోడల మధ్య జీపీఎస్ సరిగ్గా అందదు. దారి తప్పితే పల్లం వైపు నడవండి, ఎటు తిరిగినా రేవు వస్తుంది.

జెనోవాలో తప్పకుండా చూడాల్సినవి?

గరిబాల్ది వీధితో మొదలుపెట్టండి. 16వ శతాబ్దంలో ఇక్కడి వర్తకులు, వడ్డీ వ్యాపారులు వరసగా కట్టుకున్న భవంతులు ఇవి. వాటి వెనక ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. జెనోవా రాజ్యం కాదు, గణతంత్రం. రాజు లేడు కాబట్టి అతిథులకు రాజభవనమూ లేదు. వేరే దేశపు రాజో, రాయబారో వస్తే ఎక్కడ దించాలి? అందుకని విడిది ఇవ్వగల ఇళ్ల జాబితా రాసుకున్నారు. ఆ జాబితాలను రోల్లి అంటారు, మొదటిది 1576 నాటిది. వచ్చే మనిషి హోదాను బట్టి ఇళ్లకు తరగతులు పెట్టి, చీటీ తీసేవారు. ఎవరి పేరు వస్తే వాళ్లింట్లో విడిది. పెళ్లికి మగపెళ్లివారిని దించడానికి ఊళ్లో పెద్దిళ్లు వెతికినట్టే! ఈ భవంతుల్లో 42 కలిపి 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. చిత్రకారుడు రూబెన్స్ వీటిని చూసి ముచ్చటపడి 1622లో నక్షాలతో సహా ఒక పుస్తకమే అచ్చువేశాడు. ఈ భవంతుల్లో ఒకటైన తుర్సిలో వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ ఉంది, 1743లో గ్వార్నేరి చేసినది. రోస్సో భవనం పైకప్పు మీదికి వెళ్తే పలకరాతి కప్పులన్నీ రేవు దాకా చేపపొలుసుల్లా కనిపిస్తాయి. ఏటా వసంతంలోనూ శరత్తులోనూ రోల్లి రోజులని పెట్టి, మామూలప్పుడు మూసి ఉండే ఇళ్లు కూడా తెరుస్తారు. తేదీలు కలిస్తే వదులుకోకండి.

సాన్ లొరెంజో కెథడ్రల్‌లో కుడిపక్కన ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద కాల్పులు జరిపినప్పుడు అది గోడ చీల్చుకుని లోపల పడింది కానీ పేలలేదు.

నా మనసుకు దగ్గరైనది మాత్రం స్తల్యేనో శ్మశానం. సెలవు తీసుకుని వచ్చి శ్మశానం చూడ్డమేమిటని మా వాళ్లు కూడా మొదట మొహం తిప్పుకున్నారు. 1851లో తెరిచిన ఈ శ్మశానంలో వరండాల నిండా ధనికులు చెక్కించుకున్న పాలరాతి బొమ్మలే. వాటి మధ్యన కతెరీనా కంపొదోనికో అనే ముసలావిడ నిలబడి ఉంటుంది. తిరునాళ్లలో గింజల దండలూ, గుండ్రటి రొట్టెలూ అమ్ముకుని బతికిన మనిషి. పైసా పైసా కూడబెట్టి, పేరున్న శిల్పి లొరెంజో ఒరెంగో చేత 1881లో తన బొమ్మ తానే చెక్కించుకుంది. దగ్గరికి వెళ్లి చూడండి. చేతుల్లో గింజల దండలు, చక్రాల్లాంటి రొట్టెలు. దండలో గింజ గింజా విడిగా తెలుస్తుంది. శాలువా అంచుకున్న లేసులో రంధ్రాలు కూడా రాతిలో తొలిచారు. పండక్కి కట్టుకున్న బట్టలతో తలెత్తుకుని చూస్తూ ఉంటుంది. మా అమ్మమ్మ కొత్త చీర కట్టి ఫొటోకి నిలబడ్డప్పటి చూపు అదే. అరగంట పాటు మాలో ఎవరూ మాట్లాడలేదు.

రేవు దగ్గర గలాటా సముద్ర మ్యూజియంకు సగం పూట కేటాయించండి. ఇక్కడి నుంచి ఓడెక్కి అమెరికాకు, అర్జెంటీనాకు వలసపోయిన లక్షలమంది కథ అందులో ఉంది. మూడంతస్తుల చెక్క బల్లలు, వాటి మీద ఒకరి మీద ఒకరుగా పడుకుని చేసిన ప్రయాణాలు. వీసా కాగితాలతో క్యూలో నిలబడిన అనుభవం మనలో చాలామందికి ఉంది కాబట్టి అది పరాయి కథ అనిపించదు. సాయంత్రానికి పోర్తెల్లో కూడలి నుంచి పాత లిఫ్టు ఎక్కి కస్తెల్లెత్తో గుట్ట మీదికి వెళ్లండి. 1543లో కట్టిన లాంతెర్నా దీపస్తంభం వెలిగే వేళకి అక్కడ ఉండాలి.

అక్వేరియం బాగానే ఉంటుంది. చిన్నపిల్లలు ఉంటే తప్ప మొదటి ప్రయాణంలో అక్కర్లేదు.

జెనోవాకూ మన తీరానికీ ఏమైనా పాత సంబంధం ఉందా?

ఉంది, అదీ ఇద్దరు ప్రయాణికుల ద్వారా. జిరోలమో ద సాంతో స్తెఫనో, జిరోలమో అదోర్నో అనే ఇద్దరు జెనోవా వర్తకులు 15వ శతాబ్దం చివర కలిసి బయల్దేరారు. కైరో, ఎర్రసముద్రం, ఏడెన్ మీదుగా కాలికట్ చేరి, సింహళం చూసి, కోరమాండల్ తీరానికి వచ్చి, అక్కడి నుంచి బర్మాలోని పెగూకి వెళ్లారు. పెగూలో 1496 డిసెంబరులో అదోర్నో చనిపోయాడు. స్తెఫనో అష్టకష్టాలు పడి వెనక్కి వచ్చి, 1499లో రాసిన ఉత్తరంలో ఈ సంగతులన్నీ చెప్పాడు. రేవులో నిలబడ్డప్పుడు నాకు జెనోవావాడైన కొలంబస్ కంటే ముందు ఈ ఇద్దరే గుర్తొస్తారు.

మాలో ఇద్దరు శాకాహారులు. తిండికి ఇబ్బందా?

ఇటలీలో శాకాహారికి ఇంతకంటే మంచి ప్రాంతం లేదని నా నమ్మకం. ఇక్కడి కొండల మీద పశువుల మేతకు చోటు తక్కువ, ఆకుకూరలూ ఆలివ్ నూనే ఎక్కువ.

ముందు ఫరినాతా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టం. తేడా అంతా కాల్చడంలో ఉంది. పెద్ద తాంబాళమంత రాగి పళ్లెంలో పల్చటి పిండి పోసి, కట్టెల పొయ్యిలోకి తోస్తారు. పిండి అంచులు తాకేదాకా పళ్లాన్ని ఒక కుదుపు కుదిపి వదిలే ఆ క్షణం చూడటానికే పొయ్యి ఎదురుగా నిలబడండి. బయటికి వచ్చేసరికి పైపొర గోధుమరంగులో కరకరలాడుతూ, లోపల వెన్నలా ఉంటుంది. ముక్కలుగా కోసి, మిరియాల పొడి చల్లి, కాగితంలో పెట్టి ఇస్తారు. వేడి తగ్గితే రుచి తగ్గుతుంది, అక్కడే తినేయాలి.

పెస్టో పుట్టిల్లు ఇదే. మనకు సబ్జా గింజలు ఇచ్చే మొక్క జాతికే చెందిన లేత ఆకుల్ని పాలరాతి రోట్లో, చెక్క బండతో, వెల్లుల్లి, పైన్ గింజలు, ఉప్పు, చీజ్, ఆలివ్ నూనె వేసి నూరిన పచ్చడి అది. ఇక్కడ దాన్ని మెలితిప్పిన త్రోఫియె పాస్తాలో, ఉడికించిన బంగాళాదుంప, బీన్స్ కూడా వేసి కలుపుతారు. ఆకుకూరలు కూరిన పన్సోతి పాస్తా, దాని మీద వాల్‌నట్ గుజ్జు కూడా ఇక్కడి సొంతం. గుడ్డు తిననివాళ్లు పాస్తాలో గుడ్డు ఉందా అని అడగాలి.

ఖచ్చితమైన శాకాహారులు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి. పెస్టోలో వేసే పర్మిజానో చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసిన తోడుతో చేస్తారు. అది దాని నియమాల్లోనే ఉంది. వద్దనుకుంటే చీజ్ లేని పెస్టో అడగండి, కొన్నిచోట్ల దొరుకుతుంది. అడగాల్సిన మాటలు: సెంత్సా కార్నె అంటే మాంసం లేకుండా, సెంత్సా పేషె అంటే చేప లేకుండా, సెంత్సా అచ్చూగె అంటే నెత్తళ్లు లేకుండా. మూడోది మర్చిపోకండి. కూరగాయల వంటకంలో కూడా రుచికని నెత్తళ్లు వేసే అలవాటు ఇక్కడ ఉంది.

అవే నెత్తళ్లు మాంసాహారులకు పండగ. రేవు ఎదుట సొత్తోరీపా కమానుల కింద కాగితపు పొట్లంలో వేయించి ఇస్తారు. మా బృందంలో విశాఖ అబ్బాయి ఒకడు మొదటి పొట్లం పంచకుండానే తినేశాడు.

పొద్దున్నే ఫొకాచ్చా రొట్టె. ఊరివాళ్లు దాన్ని కాఫీలో ముంచుకు తింటారు. ఉప్పు రొట్టె, పాల కాఫీ ఏం కలుస్తాయని అనుకోకండి, ఒకసారి ముంచి చూడండి.

మధ్యాహ్నం మూడింటికి హోటల్‌కు వెళ్తే వంట లేదన్నారు. నిజమేనా?

నిజమే. వంటిల్లు రెండున్నర ప్రాంతంలో కట్టేస్తే మళ్లీ ఏడు, ఏడున్నరకు గానీ తెరవరు. పల్లెల్లో కిరాణా కొట్లు కూడా మధ్యాహ్నం మూతే. సంచిలో ఎప్పుడూ నాలుగు ఫొకాచ్చా ముక్కలుంచుకోండి.

ఏ పల్లెలో ఉండాలి?

నా ఓటు కమోల్యికి. రాతలో మధ్యన గ అక్షరం ఉంటుంది కానీ పలకరు. జెనోవా నుంచి రైల్లో అరగంట, ముప్పావుగంట. రేవు చుట్టూ ఆరేడు అంతస్తుల ఎత్తున పసుపు, గులాబి, ఎరుపు రంగు ఇళ్లు నిలబడి ఉంటాయి. చూడగానే అందంగా ఉంటాయి సరే, కాసేపు ఒకచోట కూర్చుని ఒక్క గోడనే చూడండి. కిటికీల చుట్టూ ఉన్న రాతి చెక్కడాలు చెక్కడాలు కావు, రంగుతో వేసిన బొమ్మలు. కొన్నిచోట్ల కిటికీయే బొమ్మ. తలుపు సగం తెరిచినట్టు, నీడ పడినట్టు గీస్తారు. పక్కనే ఉన్న అసలు కిటికీలోంచి ఒకావిడ దుప్పటి దులుపుతుంటే గానీ ఏది నిజమో తెలియదు.

ఊరి పేరు భార్యల ఇల్లు అనే మాట నుంచి వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మగవాళ్లంతా ఓడల మీద పోతే ఊళ్లో ఆడవాళ్లే మిగిలేవారట. ఇప్పటికీ ఊరి ముందు సముద్రంలో వసంతం నుంచి శరత్తు దాకా పెద్ద వల కట్టి ఉంచుతారు, తొన్నారెల్లా అంటారు దాన్ని. ఆ వల పేనేది కొబ్బరి పీచుతో! కోనసీమవాళ్లకు ఈ మాట చెబితే వాళ్ల మొహాల్లో వెలుగు చూడాలి. మే నెల రెండో ఆదివారం చేపల పండగకు, మనిషి కంటే రెండింతల వెడల్పున్న బాణలిలో చేపలు వేయించి పంచుతారు. సరదాగా ఉంటుంది కానీ ప్రశాంతత కోరేవాళ్లు ఆ రోజు తప్పించుకోవాలి.

సాన్ ఫ్రుత్తువోసోకు ఎలా వెళ్లాలి?

కమోల్యి నుంచి పడవలో అరగంట. రోడ్డు లేదు. పడవ, లేదంటే కాలిబాట. కొండ మడతలో ఒక చిన్న గులకరాళ్ల ఒడ్డు, దాని మీద పాత బెనెడిక్టిన్ మఠం, అందులో దోరియా వంశంవాళ్ల నలుపు తెలుపు చారల సమాధులు. 1983 నుంచి దీన్ని ఇటలీ పర్యావరణ నిధి సంస్థ చూసుకుంటోంది. ఎదుట సముద్రంలో సుమారు 17 మీటర్ల లోతున చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం ఉంది, 1954లో దించారు. సముద్రంలో పోయినవాళ్ల జ్ఞాపకార్థం అది.

నడిచి వెళ్లాలనుకుంటే కమోల్యి పైనున్న సాన్ రొక్కో నుంచి తీరం అంచున వెళ్లే దారిలో గొలుసులు పట్టుకుని దాటాల్సిన రాళ్లున్నాయి. అలవాటు లేనివాళ్లను తీసుకెళ్లకండి. వాళ్లకు కొండ మీదుగా వెళ్లే లోపలి దారి ఉంది. లేదా ఇద్దరు నడవండి, ఇద్దరు పడవలో రండి, అక్కడ కలుసుకోండి. మేము అలాగే చేశాం. అలలు ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. వెనక్కి వచ్చే చివరి పడవ వేళ ఒడ్డు దిగగానే అడిగి రాసుకోండి.

చింక్వె తెర్రె ఐదు ఊళ్లు మానేయాలా?

మానేయక్కర్లేదు. 1997లో యునెస్కో గుర్తించింది ఊరికే కాదు. రియోమజ్జోరె, మనరోలా, కొర్నీల్య, వెర్నాత్సా, మొంతెరోస్సోల వెనక కొండల్ని సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలతో మెట్లు మెట్లుగా మలిచి ద్రాక్ష పండించారు. తరతరాల చాకిరీ అది. అసలు చూడాల్సింది ఆ గోడల్ని. కానీ ఒక్క రోజులో ఐదూ చుట్టేయాలనే పందెం వద్దు. రెండు ఎంచుకోండి. జనం కాస్త పల్చగా ఉండేది కొర్నీల్య, ఎందుకంటే స్టేషన్ నుంచి ఊళ్లోకి 380 దాకా మెట్లున్నాయి. తెల్లవారి ఎనిమిదిలోపు గానీ సాయంత్రం ఐదు తర్వాత గానీ వెళ్లండి. కొండదారుల్లో హవాయి చెప్పులతో నడిస్తే జరిమానా వేస్తారు, బూట్లు తీసుకెళ్లండి.

ఇంకా ప్రశాంతంగా ఉండే ఊళ్లు?

తెల్లారో. పేరు మన మాటలాగే వినిపిస్తుంది. లెరిచి దాటాక రోడ్డు అక్కడితో అయిపోతుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాయి మీద గులాబి రంగు చర్చి. ఒక రాత్రి సముద్రపు దొంగలు వస్తుంటే ఒక ఆక్టోపస్ గంటస్తంభం ఎక్కి గంట మోగించి ఊరిని లేపిందని అక్కడి కథ. లా స్పేత్సియా నుంచి బస్సులో లెరిచి, అక్కడి నుంచి ఇంకో బస్సు. కవి షెల్లీ చివరి రోజుల్లో ఉన్నది ఈ పక్కనే సాన్ తెరెంజోలో. 1822లో పడవ మునిగి చనిపోయాడు.

కాస్త ఒళ్లు కదిలించాలనుకుంటే లెవాంతోలో సైకిళ్లు అద్దెకు తీసుకుని బొనస్సోలా, ఫ్రామూరా దాకా తొక్కండి. పాత రైలు మార్గాన్ని సైకిల్ దారిగా మార్చారు. దారిలో ఎక్కువ భాగం సొరంగాలే. మధ్యమధ్య సొరంగం తెరుచుకున్న చోటల్లా కింద సముద్రం. ఎత్తుపల్లాలు లేవు, అందరూ తొక్కగలరు.

రైలు టికెట్ల సంగతి?

ప్రాంతీయ రైళ్లకు ముందే కొననక్కర్లేదు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద ఉన్న యంత్రంలో ముద్ర వేయించాలి. ఫోన్లో కొంటే చెక్ఇన్ నొక్కాలి. మొదటిసారి వచ్చినప్పుడు నా స్నేహితుడు టికెట్ కొని, ముద్ర వేయడం మర్చిపోయి, జరిమానా కట్టాడు. తనిఖీకి వచ్చినాయన మర్యాదగానే మాట్లాడాడు కానీ వదల్లేదు. జెనోవా నుంచి లా స్పేత్సియా వైపు వెళ్తుంటే కుడిపక్క కూర్చోండి. సొరంగానికీ సొరంగానికీ మధ్య సముద్రం అలా కనిపించి ఇలా మాయమవుతుంది.

షోపెరో అనే మాట కనిపిస్తే సమ్మె అని అర్థం. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా తప్పనిసరి రైళ్లు నడుపుతారు. ప్రయాణం ఆ వేళల్లోకి జరుపుకోండి.

కారు తీసుకుంటే?

వద్దు. పార్కింగ్ దొరకదు, పాతబస్తీల్లోకి అనుమతి లేని కార్లకు కెమెరాలు జరిమానా వేస్తాయి.

బీచ్‌లు మన బీచ్‌ల్లాగే ఉంటాయా?

ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. రాళ్ల మీద నడిచే రబ్బరు చెప్పులు వందల రూపాయల్లో వచ్చేస్తాయి, వెళ్లేముందే కొనుక్కోండి. గొడుగులూ కుర్చీలూ వరసగా ఉన్న చోటు అద్దెది. స్పియాజ్జా లీబెరా అని రాసి ఉంటే ఉచితం. ఒడ్డు నుంచి రెండడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది, ఈత రానివాళ్లు మన రామకృష్ణా బీచ్‌లో తడిసినట్టు ఆడుకుందామనుకోకూడదు. ఎర్ర జెండా ఉంటే ఎవరూ దిగొద్దు.

ఖర్చులు ఎలా పంచుకోవాలి?

ఇటలీ కుర్రాళ్ల పద్ధతి చెబుతాను. కాస్సా కొమూనె అంటారు, ఉమ్మడి సంచి. మొదటి రోజు అందరూ సమానంగా డబ్బు వేసి ఒకరి చేతికిస్తారు. కాఫీలు, టికెట్లు, భోజనాలు అందులోంచే. అయిపోతే మళ్లీ వేస్తారు. మద్యం తాగేవాళ్లు ఆ బిల్లు వేరుగా కట్టుకోవాలి. ఈ ఒక్క నియమం ముందే చెప్పుకుంటే చాలా మంచిది. బిల్లులో కొపెర్తో అని తలకింత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు మామూలుగా తీసుకునేదే. టిప్పు తప్పనిసరి కాదు. బసకు రాత్రికింత చొప్పున ఊరి పన్ను విడిగా ఉంటుంది.

నలుగురికీ నాలుగు ఇష్టాలు. గొడవలు రాకుండా ఎలా?

రోజూ మధ్యాహ్నం మూడు గంటలు ఎవరి దారిన వాళ్లు. ఒకరు పడుకుంటారు, ఒకరు మ్యూజియం చూస్తారు, ఒకరు ఇంటికి ఫోన్ చేసుకుంటారు. రాత్రి భోజనానికి కలిస్తే చెప్పుకోవడానికి నలుగురి దగ్గరా నాలుగు కబుర్లుంటాయి.

ఇంకొకటి జెనోవా నుంచే నేర్చుకున్నాను. ఇక్కడి సణుగుడుకు ముగూన్యో అని పేరు. పాతకాలంలో నావికులు జీతం కాస్త తక్కువైనా సరే, సణుక్కునే హక్కు ఉన్న ఒప్పందమే ఎంచుకునేవారని చెప్పుకుంటారు. మేము రోజూ సాయంత్రం కాఫీ దగ్గర పదిహేను నిమిషాలు ముగూన్యోకి ఇచ్చాం. ఎవరికి ఏది నచ్చలేదో చెప్పాలి, మిగతావాళ్లు వాదించకూడదు. మూడో రోజు మాలో అందరికంటే నెమ్మదస్తురాలు మెల్లగా అంది, మోకాళ్లు నొప్పిగా ఉన్నా మా కోసం మెట్లెక్కుతున్నానని. అడిగి ఉండకపోతే మాకు తెలిసేది కాదు. మర్నాడు కొండ ఎక్కడం మానేసి జెనోవా శివారు నెర్విలో సముద్రం అంచున ఉన్న చదునైన దారిలో రెండు కిలోమీటర్లు నడిచాం. ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్న పొద్దు అదే.

ఇంగ్లిష్ చాలా?

నగరంలో చాలు. పల్లెల్లో కొట్లోకి అడుగుపెట్టగానే బోంజోర్నో, సాయంత్రమైతే బువోనసేరా అనండి. పలకరించకుండా వస్తువు అడిగితే వాళ్లకు నచ్చదు.

తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

1780 నుంచి నడుస్తున్న రోమనెంగో మిఠాయి కొట్టు నుంచి పంచదార పాకంలో ఊరిన పళ్లు, ఒక సీసా ఆలివ్ నూనె, అప్పటికప్పుడు నూరిన పెస్టో. పాలరాతి రోలు కూడా కొనాలనిపిస్తుంది కానీ మన ఇంట్లో ఉన్న రోలు సరిపోతుంది. పెస్టోను విమానంలో చేతిసంచిలో రానివ్వరు, పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టిపెట్టండి. తాజాది ఎక్కువ దూరం ఆగదు, గాలి తీసి కట్టి ఇమ్మని కొట్లోనే అడగండి, బయల్దేరే రోజే కొనండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టి, మూత తీశాక పైన వేలెడు మందం నూనె పోసి ఉంచితే నల్లబడదు. పాస్తాలో కలిపేటప్పుడు పొయ్యి మీద వేడి చేయొద్దు, పాస్తా ఉడికిన నీళ్లు రెండు చెంచాలు పోసి పలుచన చేసుకోండి.